ఓకే: విన్నట్టా, ఒప్పుకున్నట్టా?

తెలుగువాళ్ల ఫోను సంభాషణ ఎలా మొదలైనా, ముగిసే తీరు మాత్రం దాదాపు ఒకటే. "ఓకే అండీ, ఉంటాను మరి." అవతలి నుంచి "ఓకే ఓకే." ఇవతలి నుంచి ఇంకో "ఓకే". చెప్పాల్సిన కబురు అప్పటికే అయిపోయింది. అయినా ఆ చివరి మాట పడకుండా ఫోను పెట్టేస్తే ఏదో కోపం వచ్చిందేమోనని అవతలివాళ్లు మథనపడతారు.

సినిమా సెట్లో దర్శకుడు "షాట్ ఓకే" అంటే యూనిట్ మొత్తం ఊపిరి పీల్చుకుంటుంది. హీరోకి కథ నచ్చితే కథ ఓకే అయిందంటారు. పెళ్లిచూపుల తర్వాత అమ్మాయి ఓకే అందా లేదా అన్నదే ఇంటిల్లిపాది ఆరా. పత్రికలవాళ్లకు శీర్షికలో చోటు తక్కువ కాబట్టి మంత్రివర్గం ఆమోదించిందని విడమరిచి రాయరు, 'కేబినెట్ ఓకే' అని తేల్చేస్తారు. ఇన్ని చోట్ల ఇంత గట్టిగా ఆమోదం తెలిపే మాటే, "సినిమా ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు జవాబుగా వస్తే, వెళ్లకపోయినా నష్టం లేదని అర్థం.

తెలుగు ఈ మాటను అరువు తెచ్చుకుని ఊరుకోలేదు. తన చేతిలో ఉన్న ప్రత్యయాలన్నీ దానికి తొడిగింది. 'ఓకేనా' అంటే ప్రశ్న. 'ఓకేలే' అంటే మనసులో కొంత అయిష్టం మిగిలే ఉందని. 'ఓకే గానీ' అన్నారంటే అసలు అభ్యంతరం ఆ తర్వాత వాక్యంలో ఉందని. 'ఓకేనంట' అంటే ఒప్పుకున్నది ఇంకెవరో, చెబుతున్న మనిషి కబురు మోస్తున్నాడని. ఇంగ్లీషులో గొంతు హెచ్చుతగ్గులతో తెలిపే తేడాలను మన భాష చివర ఒకటి రెండు అక్షరాలు చేర్చి తెలుపుతుంది. అందుకే అది పరాయి మాటగా చెవికి తగలడం ఎప్పుడో మానేసింది. 2015లో మణిరత్నం సినిమా తమిళంలో 'ఓ కాదల్ కణ్మణి'గా వచ్చింది. మొదటి రెండు పదాల తొలి ఇంగ్లీషు అక్షరాలు కలిస్తే ఓకే. తెలుగులోకి వచ్చేసరికి ఆ అక్షరాల లెక్క కుదరదు, అయినా 'ఓకే బంగారం' అనే పేరు పెడితే ఎవరికీ వివరణ అవసరం పడలేదు.

పొడి అక్షరాలతో పేరు కట్టే ఆ సరదాలోనే ఈ మాట పుట్టుక కూడా ఉంది. మాటల పుట్టుక గురించి సాధారణంగా శతాబ్దాల లెక్కలో మాట్లాడుకుంటాం. దీనికి మాత్రం తేదీ, ఊరు, పత్రిక, పేజీ అన్నీ తెలుసు.

1838, 1839 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్ పత్రికల్లో ఒక వేడుక నడిచింది. మాటలను పూర్తిగా రాయకుండా మొదటి అక్షరాలు మాత్రమే రాయడం. 'నో గో' అంటే పని జరగదని. దానికి ఎన్.జి. అని రాసేవారు. అప్పట్లో టెక్సస్ అమెరికాలో భాగం కాదు, విడి దేశం. అప్పులవాళ్లకు దొరక్కుండా అక్కడికి పారిపోయిన వాళ్ల గురించి 'గాన్ టు టెక్సస్' అనేవారు. దానికి జి.టి. సరదా ముదిరి, మాటను కావాలని తప్పుగా రాసి, ఆ తప్పుకు పొడి అక్షరాలు తీయడం దాకా వెళ్లింది. 'ఆల్ రైట్'లో మొదటిదాన్ని 'ఓ'తో, రెండోదాన్ని 'డబ్ల్యు'తో మొదలుపెట్టి ఓ.డబ్ల్యు. అన్నారు. అదే పద్ధతిలో 'ఆల్ కరెక్ట్'ను 'ఓ'తోనూ 'కె'తోనూ రాసి ఓ.కె. చేశారు. ఉన్నవి రెండే అక్షరాలు, రెండూ తప్పే. చెప్పే అర్థం మాత్రం అంతా సరిగ్గా ఉందని.

1839 మార్చి 23న 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' రెండో పేజీలో ఆ రెండక్షరాలు అచ్చయ్యాయి. సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. యాంటీ బెల్ రింగింగ్ సొసైటీ అనే బృందం ప్రయాణం గురించి, ప్రావిడెన్స్ పత్రికకు చురక వేస్తూ రాసిన చిన్న చమత్కార వార్త అది. పాఠకులకు తెలియదేమోనని ఓ.కె. పక్కనే దాని అర్థం కూడా ఇచ్చారు. ఇప్పటివరకు దొరికిన తొలి అచ్చు ఆధారం ఇదే.

వేడుకలు ఎక్కువ కాలం నిలవవు. ఎన్.జి., జి.టి., ఓ.డబ్ల్యు. అన్నీ కొద్దికాలంలోనే మాసిపోయాయి. ఓ.కె. కూడా వాటి దారినే పోయేది. దాన్ని నిలబెట్టింది ఎన్నికల రాజకీయం.

1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశారు. ఆయన స్వస్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ను 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవారు. ఆ పేరు మొదటి అక్షరాలు కూడా ఓ.కె. అవడంతో న్యూయార్క్‌లో ఓ.కె. క్లబ్బులు వెలిశాయి. మా మనిషి సరైనవాడు అన్న అర్థమూ అందులోనే కలిసొచ్చింది. ప్రత్యర్థులు ఊరుకుంటారా? వాన్ బ్యూరెన్‌కు గురువులాంటి మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ మీదికి ఆ అక్షరాలను తిప్పారు. జాక్సన్‌కు స్పెల్లింగు రాదని, కాగితాల మీద 'అంతా సరిగ్గా ఉంది' అని రాయబోయి ఓ.కె. అని రాసి పంపేవారని ప్రచారం చేశారు. అది కట్టుకథ. వాన్ బ్యూరెన్ ఆ ఎన్నికల్లో విలియం హెన్రీ హారిసన్ చేతిలో ఓడిపోయారు. కానీ కాగితం మీద ఆ రెండక్షరాలు రాస్తే ఆమోదించినట్టు లెక్క అనే ఆలోచన జనంలో మిగిలింది. కల్పించిన కథను నిజం చేస్తూ గుమాస్తాలు, వ్యాపారులు నిజంగానే అలా రాయడం మొదలుపెట్టారు. తర్వాత టెలిగ్రాఫు వచ్చింది. సందేశం సరిగా చేరిందని చెప్పడానికి ఇంతకన్నా పొట్టి మాట దొరకదు. రైలు మార్గాల వెంట, తీగల మీదుగా అది అమెరికా అంతటా పాకింది.

పుట్టుక చిల్లర సరదా కావడంతో జనం దాన్ని త్వరగానే మరిచిపోయారు. ఆ ఖాళీలోకి కథలు వచ్చి చేరాయి. అమెరికా ఆదివాసుల్లో చోక్టా తెగ భాషలో ఇలాంటి పలుకే ఉందని, 'అంతే' అని దాని అర్థమని ఒక వాదం. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఇది నమ్మి, కాగితాల మీద ఆ పద్ధతిలోనే ఓ, కె, ఇ, హెచ్ అని రాసేవారు. గ్రీకువాళ్లు తమ 'ఓలా కలా' నుంచి వచ్చిందంటారు. దానికీ అంతా బాగుందనే అర్థం. పశ్చిమ ఆఫ్రికా వోలోఫ్ భాషలోని 'వావ్ కే' నుంచి వచ్చిందన్నది మరో వాదం. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల భాషలు అమెరికా ఇంగ్లీషు మీద నిజంగానే ముద్ర వేశాయి, ఆ ముద్రను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అయితే ఆధారం విషయానికొస్తే, కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ చేసిన పనికి సాటివచ్చేది ఏదీ లేదు. ఆయన పాత పత్రికల కట్టలు తిరగేసి, బోస్టన్ వేడుక నుంచి ఎన్నికల దాకా ఒక్కో మెట్టుకూ అచ్చు సాక్ష్యం పోగుచేసి, 1963, 1964లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరస వ్యాసాలు రాశారు. ఒక్క మాట కోసం అంత ఓపిక పట్టిన మనిషికి భాషాభిమానులు రుణపడి ఉండాలి.

పుట్టుక సరే, ఇంత దూరం ఎలా నడిచింది? పొట్టిగా ఉండటం, 'ఓ', 'కే' రెండూ దాదాపు ప్రతి నాలుకకూ తేలిగ్గా పలకడం కొంత కారణం. ఈ మాట మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి 2010లో వెలువరించిన అలన్ మెట్‌కాఫ్ ఇంకో లక్షణాన్ని ఎత్తిచూపాడు. ఓకే ఒప్పుకుంటుంది, కానీ మెచ్చుకోదు. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. పిల్ల సైకిల్ మీంచి పడితే "ఓకేనా తల్లీ?" అని అడుగుతారు. దెబ్బ తగల్లేదా అనే తప్ప, ఆనందంగా ఉన్నావా అని కాదు. పని సాగడానికి ఇంతమాత్రం చాలు. ఇష్టం ఉన్నా లేకపోయినా, మనసు విప్పకుండానే ముందుకు కదిలే వీలు ఆ మాట ఇస్తుంది. అదే మాటతో ఎదుటివాళ్లను పక్కకు నెట్టేయనూ వచ్చు. 2019 నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో యువ సభ్యురాలు క్లోయీ స్వార్‌బ్రిక్ వాతావరణ మార్పు గురించి మాట్లాడుతుండగా వయసులో పెద్దవాడైన మరో సభ్యుడు అడ్డుతగిలితే, "ఓకే బూమర్" అని తన ప్రసంగం కొనసాగించింది. బూమర్ అంటే పాత తరం మనిషి అని ఎత్తిపొడుపు. అక్కడ ఓకే అంటే ఒప్పుకోవడం కాదు, మీతో వాదించను అని.

కంప్యూటర్ తెర మీదికి ఓకే ఎక్కిన కథా చెప్పుకోదగినదే. 1980ల మొదట్లో ఆపిల్ సంస్థ లీసా కంప్యూటర్‌ను తయారుచేస్తూ, మామూలు మనుషుల చేత వాడించి చూసింది. పని ముందుకు సాగడానికి నొక్కాల్సిన మీట మీద మొదట 'డు ఇట్' అని రాశారు. అచ్చులో రెండు మాటల మధ్య ఎడం సరిగా కనపడక, ఒకాయన దాన్ని మందమతి అనే అర్థం వచ్చే 'డోల్ట్'గా చదివాడు. యంత్రం తనను తిడుతోందేమిటని చిరాకుపడ్డాడు. దాంతో దాన్ని తీసేసి ఓకే పెట్టారు. ఇప్పుడు భూమ్మీద ఎక్కడ ఫోను పట్టుకున్నవాళ్లయినా రోజుకు ఎన్నోసార్లు ఆ మీట నొక్కుతారు. నొక్కినవాళ్లలో తెర మీది షరతులు చదివినవాళ్లు ఎందరు? 'తప్పుకో, నా పని చూసుకోనీ' అన్న అర్థంలోనే ఎక్కువమంది నొక్కుతారు. చట్టం లెక్కలో మాత్రం అది సమ్మతి.

విన్నాను, ఒప్పుకున్నాను, పర్లేదు, ఇక చాలు. ఇన్ని అర్థాలు ఒకే పలుకులో ఇమిడి ఉండటం మామూలు రోజుల్లో సౌకర్యమే. అసాధారణమైన రోజు వచ్చినప్పుడు ఏమవుతుందో 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో ప్రపంచం చూసింది.

ఆ రోజు పక్క ద్వీపం గ్రాన్ కనారియా విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడ దిగాల్సిన విమానాలను టెనెరిఫేలోని లాస్ రోడియోస్ అనే చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. నిలిపిన విమానాలతో పక్క దారి నిండిపోవడంతో, బయలుదేరేవి రన్‌వే మీదే వెనక్కి నడిచి వెళ్లి చివర్లో తిరగాల్సి వచ్చింది. మబ్బు కిందికి దిగి ఎదుటిది కనపడటం లేదు. నేల మీది విమానాలను చూపే రాడార్ అక్కడ లేదు. కేఎల్ఎం సంస్థ బోయింగ్ 747 రన్‌వే చివర తిరిగి నిలబడింది. పాన్ యామ్ సంస్థ 747 అదే రన్‌వే మీద ఇంకా నడుస్తూనే ఉంది.

కేఎల్ఎంకు గాలిలోకి లేచాక ఏ దారిన వెళ్లాలో అనుమతి వచ్చింది. లేవడానికి అనుమతి రాలేదు. కో పైలట్ ఆ దారి వివరాలను తిరిగి అప్పజెప్పి, చివర్లో ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నామన్న అర్థం వచ్చే మాట కలిపాడు. అప్పటికే విమానం కదులుతోంది. కింద కంట్రోలర్‌కు అది బయలుదేరే చోట సిద్ధంగా ఉన్నామన్నట్టు వినిపించింది. ఆయన "ఓకే" అన్నాడు. దాదాపు రెండు క్షణాలు ఆగి, ఆగండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అదే సమయంలో పాన్ యామ్ పైలట్లు తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రేడియోలో చెప్పారు. రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి ఈల మోత అయింది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినపడింది "ఓకే" ఒక్కటే. 583 మంది చనిపోయారు. కేఎల్ఎంలో ఒక్కరూ మిగల్లేదు. పాన్ యామ్‌లో 61 మంది బతికారు. విమానయాన చరిత్రలో ఇంతకన్నా ఎక్కువమందిని బలిగొన్న ప్రమాదం లేదు.

తప్పంతా ఆ మాట మీదికి తోయడం న్యాయం కాదు. మబ్బు, ఇరుకు, ఆలస్యమైపోతోందన్న ఆత్రం, కెప్టెన్ మాటకు గట్టిగా అడ్డుచెప్పలేని కింది సిబ్బంది, ఇవన్నీ కలిశాయి. కానీ ఆ తర్వాత విమానయానం తన భాషను సరిదిద్దుకుంది. లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట పలకకూడదు. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలి. కీలకమైన ఆదేశానికి ఓకే అంటే సరిపోదు. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పాలి. సందేశం అందిందని తెలపడానికి 'రోజర్', చెప్పినట్టు చేస్తామనడానికి 'విల్కో', అవుననడానికి 'అఫర్మ్' అని వేరువేరు మాటలు వాడాలి.

ఇక్కడ తెలుగు గుర్తుకు రాక మానదు. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు 'ఊఁ' కొట్టాలి. ఊ కొట్టడం ఆగితే పిల్లవాడు నిద్రపోయాడని అమ్మమ్మకు తెలుస్తుంది, కథ ఆగుతుంది. ఆ 'ఊఁ' ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం. విమానాల భాషలో అదే 'రోజర్'. "రేపు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా" అంటే "అలాగే" అంటాం. చేస్తానన్న మాట అది, అంటే 'విల్కో'. "మీది గుంటూరేనా?" అంటే "అవును" అంటాం. అది 'అఫర్మ్'. ప్రతిపాదనకు 'సరే', పెద్దవాళ్ల ఆజ్ఞకు ఒకప్పుడు 'చిత్తం', మాట ముగించి సెలవు తీసుకోవడానికి 'మంచిది'. దేని పని దానిది. అంత పెద్ద ప్రమాదం తర్వాత విమానయానం గట్టిగా పట్టుకున్న తేడాలు తెలుగు ఇళ్లలో వాడుకలోనే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో చాలా కుర్చీల్లో ఓకే ఒక్కటే కూర్చుంది. ఇంగ్లీషు మాట వచ్చి చేరినందుకు బాధ లేదు, ఏ బతికున్న భాషైనా పక్కభాషల మాటలు తెచ్చుకుంటుంది. తేడా తెలిపే మాటలు నోటికి రాకుండా పోతేనే నష్టం.

నీటి అడుగున ఈదే డైవర్ల పద్ధతిలో గొప్ప వివేకం ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టడం వాళ్ల ఓకే గుర్తు. అదే ప్రశ్న, అదే జవాబు. ఒకరు చూపిస్తే రెండోవారు తిరిగి చూపించి తీరాలి. చూపించకపోతే ఏదో ఇబ్బంది ఉందని దగ్గరికి వెళతారు. మనం బాగుందనడానికి ఎత్తే బొటనవేలికి అక్కడ వేరే అర్థం ఉంది, పైకి వెళ్లిపోదామని. ఒడ్డు మీద ఆ సున్నా గుర్తు నమ్మదగినది కాదు. జపాన్‌లో డబ్బు, ఫ్రాన్స్‌లో విలువలేనిది, బ్రెజిల్‌లో బూతు. నీటిలో దానికి ఒకే అర్థం ఉండేలా కట్టుబాటు చేసుకున్నారు. అక్కడ మాట పొరపాటు పడితే ప్రాణం పోతుంది కాబట్టి.

ప్రాణం మీదికి వచ్చే మాటలు విమానాల్లోనూ సముద్రాల్లోనూ మాత్రమే ఉండవు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఏ ఆసుపత్రి ఓపీ గదిలోనైనా ఈ దృశ్యం ఉంటుంది. డాక్టరుగారు మందుల చీటీ రాస్తూ, "ఇది పొద్దున పరగడుపున, ఇది రెండుపూటలా తిన్నాక, ఇది నొప్పి ఉంటేనే. ఓకేనా?" అంటారు. బయట ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు. పెద్దాయన "ఓకే సార్" అంటాడు. ఆ ఓకేలో ఎక్కువ భాగం గౌరవం, కొంత మొహమాటం, ఇంకాస్త భయం. ఏ మాత్ర ఎప్పుడో అర్థమైందన్నది అందులో ఎంత ఉందో డాక్టరుకు తెలిసే దారి లేదు. ఇంటికొచ్చాక మాత్రల రంగులు చూసి ఇంట్లోవాళ్లు తర్జనభర్జన పడతారు.

దీనికి వైద్యరంగంలో ఒక తేలికైన పద్ధతి ఉంది. 'టీచ్ బ్యాక్' అంటారు. అర్థమైందా అని అడగకుండా, "ఇంటికెళ్లాక ఈ మందులు ఎలా వేసుకుంటారో నాకు ఒకసారి చెప్పండి" అని రోగినే అడగడం. పరీక్ష పెట్టినట్టు కాకుండా, తాను సరిగా చెప్పానో లేదో చూసుకోవడానికి అన్నట్టు అడగాలి. పైలట్ ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పడం కూడా ఇలాంటి పనే. పట్టే సమయం ఒక నిమిషం. అన్ని ఓపీ గదుల్లో ఇది అలవాటు కావాలి.

డాక్టరు అడగకపోతే మనమే చెప్పవచ్చు. ఈసారి అమ్మనో నాన్ననో ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు, "ఓకేనా?" అన్న ప్రశ్న వినపడగానే లేవకండి. "ఒక్కసారి తిరిగి చెబుతానండీ, తప్పుంటే సరిచేయండి" అని చీటీలోని ఒక్కో మందూ ఏ పూట, తినకముందా తిన్నాకా, ఎన్నాళ్లు అని పైకి చెప్పి, ఆ తర్వాతే బయటికి రండి.